బకెట్టత్త వేసిన తడి దారి

సముద్ర తీరం గేటు దగ్గర బకెట్టత్తని ఆపింది ఎవరో కాదు, ఈల బాబాయే.

"కుర్చీ లోపలికి రాదమ్మా," అన్నాడు. చూపు ఆమె మొహం మీద లేదు, తన బూట్ల మీద ఉంది.

"ఏ కుర్చీ బాబాయ్?"

"ఇదే... మీ అక్క కుర్చీ. బయటి కుర్చీలు లోపలికి తేకూడదని కంపెనీ రూలు. లోపల వాళ్లే కుర్చీలు అద్దెకిస్తారు కదా. జనం ఇళ్ల నుంచి తెచ్చుకుంటే బేరం పోతుందని."

ఆయన చెప్పే బయటి కుర్చీకి రెండు పెద్ద చక్రాలు, రెండు చిన్న చక్రాలు ఉన్నాయి. అందులో బకెట్టత్త వాళ్ల అక్క ఒళ్లో తువ్వాలు పెట్టుకుని కూర్చుని ఉంది.

"అయితే నన్ను ఇక్కడ దింపేసి కుర్చీని వెనక్కి పంపించేయ్ బాబాయ్," అంది అక్క. "దానికి సముద్రమంటే అంత మోజేం లేదు. నాకే పిచ్చి."

ఈల బాబాయి నవ్వబోయి ఆగిపోయాడు. వెనకాల గొడుగు నీడలో నిలబడి కంపెనీ సూపర్‌వైజర్ ఇటే చూస్తున్నాడు.

కంపెనీ ఇచ్చిన నీలం టోపీ బకెట్టత్త తల మీదే ఉంది. కాసేపట్లో ఆ గేటు పక్కనే ఉన్న పనివాళ్ల తలుపులోంచి దూరి, అదే తీరంలో స్నానాల గదులు కడగాలి. చీపురుతో వస్తే రానిస్తారు, అక్కతో వస్తే రానివ్వరు. ఆమె కుర్చీని వెనక్కి తిప్పింది. చక్రం రాయికి తట్టుకుంటే వంగి సరిచేసింది. అక్కని ఇంటికి చేర్చి, వెనక్కి పరుగెత్తుకొచ్చి, పనిలో దిగింది. ఆలస్యంగా వచ్చావని సూపర్‌వైజర్ నాలుగు చివాట్లు పెడితే అవీ వింది.

ఇలాంటివి మన కళ్ల ముందు రోజూ జరుగుతాయి. రూలు అన్నారు కాబట్టి రూలే అనుకుని పక్క నుంచి వెళ్లిపోతాం. ఆ పొద్దున ఆ గేటు ముందు నుంచి వాకింగ్‌కి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కరూ ఆగలేదు.

బకెట్టత్తని ఆ నగరంలో పేరు పెట్టి పిలిచేవాళ్లు దాదాపు లేరు. తీరంలో బట్టలు మార్చుకునే గదులూ స్నానాల గదులూ చూసుకునే ఉద్యోగం ఆమెది. వయసులో ఉండగా నగరపాలక సంస్థలో చేరింది. జుట్టు నెరిసే దాకా అదే పని. చేతిలో ఎప్పుడూ ఒక బకెట్టు. నేల కడగడానికి అది, తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి అది, బోర్లిస్తే పీట కూడా అదే. సముద్రంలోంచి పిల్లలు పరుగెత్తుకొస్తే వాళ్ల కాళ్ల మీద నీళ్లు గుమ్మరించి ఇసుక వదలగొట్టేది. "ఆగరా కోతీ, ఇసకంతా ఇంటికి మోసుకుపోతావా, రేపు నాకేం మిగులుతుంది!" అని కసిరేది. ఆ కోతులు పెద్దవాళ్లయ్యారు. పెళ్లిళ్లయి, వాళ్ల పిల్లల్ని ఎత్తుకొచ్చి, "అత్తా, వీడి కాళ్ల మీద కూడా పొయ్యవా" అనేవాళ్లు. ఆమెని అత్త అనడానికి ఎవరికీ చుట్టరికం అక్కర్లేదు.

అక్కది కుట్టుపని. తీరంలో నీడ కోసం కట్టే పందిళ్ల గుడ్డలన్నీ ఆమె మిషను మీద కుట్టినవే. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది ఆ మిషనే. అక్క తొక్కుతుంటే ఆ చప్పుడుకి చెల్లెలు నిద్రపోయేది. తీరంలో ఉద్యోగం పడిందని తెలిసిన రోజున అక్క ఆమెకి రెండు ఏప్రన్లు కుట్టి పెట్టింది. జేబులు మాత్రం లోతుగా పెట్టింది. "పిల్లలు పారేసుకున్నవన్నీ నీకే దొరుకుతాయి. దాచి ఇవ్వాలి కదే," అంది.

ఒకసారి బాగా గాలి వీచే రోజున, స్నానాల గదుల ముందు పందిరి కడుతూ అక్క నిచ్చెన మీంచి పడింది. నడుముకి దెబ్బ తగిలి కాళ్లలో పట్టు పోయింది. అప్పుడు తీరంలో ప్రాణాలు కాపాడే ఉద్యోగం ఈల బాబాయిది. మెడలో ఎప్పుడూ ఈల. చిన్న ఈల వేస్తే లోతుకి పోవద్దని, పొడుగు ఈల వేస్తే మనిషిని తీసుకొస్తున్నాం దారివ్వండని అర్థం. తీరానికి వచ్చేవాళ్లందరికీ అది తెలుసు. ఆ రోజు అక్కని నలుగురు మోసుకెళుతుంటే ముందు నడుస్తూ, ఊపిరి తిప్పుకోకుండా ఆ పొడుగు ఈల వేసింది ఆయనే.

ఆస్పత్రిలో కాళ్లకి వ్యాయామం చేయించే ఆమె ఒక దారి చెప్పింది. "నేల మీద ఈ కాళ్లు మిమ్మల్ని మోయలేవు. నడుం లోతు నీళ్లలో నిలబడి చూడండి. సగం బరువు నీళ్లే మోస్తాయి. రోజూ చెయ్యాలి, మానేస్తే బిగుసుకుపోతాయి." సంగతి తెలిసి తీరంలో పనిచేసే వడ్రంగులు గేటు దగ్గర నుంచి నీళ్ల అంచు దాకా చెక్కల బాట వేశారు. అక్క కోసం వేసిన బాట మీద తర్వాత పిల్లల బళ్లు వెళ్లాయి, చేతికర్రల ముసలివాళ్లు వెళ్లారు, ఐస్‌క్రీమ్ బండి కూడా వెళ్లింది.

అప్పటి నుంచి ప్రతి పొద్దునా ఇద్దరిదీ ఒకటే పని. కుర్చీని నీళ్ల అంచున ఆపి, అక్కని చంకల కింద పట్టి నీళ్లలోకి దింపడం. నడుం లోతు వచ్చేసరికి అక్క నిటారుగా లేచేది. చెల్లెలి భుజం పట్టుకుని అడుగులు వేసేది. "చూశావా, ఇప్పటికీ నీకంటే నేనే పొడుగు," అనేది. ఆ మాట రోజూ అనేది, రోజూ ఇద్దరూ నవ్వేవాళ్లు.

ఇక కంపెనీ సంగతి. తీరం నిర్వహణ ప్రైవేటుకి ఇస్తున్నామని నగర పాలకులు చెప్పినప్పుడు ఎవరూ గొడవ చెయ్యలేదు. నిజం చెప్పాలంటే సంతోషించారు కూడా. కుళాయిలు కారుతున్నాయి, దీపాలు సగం వెలగవు, మరమ్మతు చేయమంటే డబ్బుల్లేవని ఇంజనీరు చేతులెత్తేసేవాడు. తీరాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కో కంపెనీకి ఇస్తారట, వాళ్లే శుభ్రం చేస్తారట, మనకి పైసా ఖర్చు లేదట అంటే పోనీలే మంచిదేగా అనుకున్నారు. అందరి సొత్తునీ ఒకరి చేతిలో పెట్టేటప్పుడు ఎప్పుడూ ఇంత తీయగానే చెబుతారు.

కంపెనీ వచ్చింది. కుళాయిలు బాగయ్యాయి. దీపాలు వెలిగాయి. తర్వాత కంచె వచ్చింది. చెక్కల బాట పీకి ఆ చెక్కలతోనే అద్దె కుర్చీలకి అరుగులు కట్టారు. ఈల బాబాయిని గేటు కాపలాకి మార్చారు. ఈల జేబులో పెట్టుకోమన్నారు, చప్పుడుకి అతిథులు ఉలిక్కిపడుతున్నారట. గేటు పక్కన పెద్ద బోర్డు పెట్టారు. "తడి ఇసుక ప్రజలందరిదీ. పొడి ఇసుక మీద ప్రవేశం అద్దె కుర్చీల వారికి మాత్రమే." మొదటి వాక్యం నగర పాలకులు పట్టుబట్టి రాయించారు. ప్రజల హక్కు కాపాడామని దాని గురించి గొప్పగా చెప్పుకున్నారు కూడా. ఆ తడి ఇసుక దాకా ప్రజలు ఎలా వెళతారు అంటే, తీరం చివర బండరాళ్లున్నాయి, వాటి మీంచి ఎక్కి దిగి వెళ్లొచ్చు. కాళ్లున్నవాళ్లు.

బకెట్టత్త ముందు మున్సిపల్ ఆఫీసుకి వెళ్లింది. "అది కంపెనీ చూసుకుంటుందమ్మా, మా చేతిలో లేదు," అన్నారు. కంపెనీ ఆఫీసుకి వెళ్లింది. "మేం ఒప్పందం ప్రకారమే చేస్తున్నాం ఆంటీ, అడిగితే మున్సిపాలిటీనే అడగండి," అన్నారు. మళ్లీ మున్సిపల్ ఆఫీసుకి వెళితే ఆ సీటు మనిషి భోజనానికి వెళ్లాడు. ఆమె ఊరుకుంది. ఉద్యోగం పోతే అక్క మందులెలా అని భయం. ఆ భయాన్ని తప్పు పట్టే హక్కు మనకెవరికీ లేదు.

వాళ్లిల్లు సైకిల్ షాపు వెనక రెండు గదులు. కిటికీ పక్కన మిషను, మిషను పక్కన కుర్చీ. వారాలు గడిచేకొద్దీ అక్క కాళ్లు చెక్కల్లా బిగుసుకుపోయాయి. ఎంత మర్దన చేసినా మోకాళ్లు వంగలేదు. కాళ్ల సంగతి అలా ఉంచండి, అక్క నోరు మూతపడింది. పొద్దున్నే లేచి "ఏమే చిన్నదానా, ఇంకా తెల్లారలేదా నీకు" అనే మనిషి గోడ వైపు తిరిగి పడుకునేది. టైరుకి గాలి కొట్టే సైకిల్ మెకానిక్ పలకరిస్తే ఊ అనేది, అంతే. అతను కుర్చీ చక్రాలకి గ్రీజు రాసి పెట్టాడు. ఆ కుర్చీ ఎక్కడికీ వెళ్లలేదు.

ఒకరోజు బకెట్టత్త గదులు కడిగి, ఎప్పట్లాగే బకెట్టులో మిగిలిన నీళ్లు గుమ్మం బయట ఇసుకలో గుమ్మరించింది. అప్పుడే బండరాళ్ల వైపు నుంచి చంటిపిల్లనెత్తుకుని వచ్చిన ఒకామె, ఎండకి తట్టుకోలేక గది నీడలో కూలబడింది. సూపర్‌వైజర్ చేతిలో వాకీటాకీతో పరుగెత్తుకొచ్చాడు. కుర్రాడే, పనిలో కొత్త, ఎవరు తిడతారోనని ఎప్పుడూ కంగారు. అక్క అతనికి వాకీటాకీ బాబు అని పేరు పెట్టింది.

"ఇది పొడి ఇసుక మేడమ్. లేవండి. తడి ఇసుక అదిగో, అక్కడ."

ఆ తల్లి అటూ ఇటూ చూసింది. లేచి రెండడుగులు పక్కకి జరిగి, బకెట్టు నీళ్లు పడి నల్లబడ్డ ఇసుకలో కూర్చుంది. "ఇదీ తడిగానే ఉందిగా బాబూ," అంది అమాయకంగా. పిల్ల బట్టలు తడిసినా లక్ష్యపెట్టలేదు.

వాకీటాకీ బాబు ఏం చెయ్యాలో తెలీక వాకీటాకీలో పై ఆఫీసుని అడిగాడు. అడిగింది ఆ తల్లీ వింది, బకెట్టత్తా వింది. జవాబు కూడా గరగరమంటూ అందరికీ వినపడింది.

"ఇలాంటివాటికి కూడా నన్నడుగుతావేంటయ్యా? బోర్డు మీద ఏముంటే అది చెయ్యి!"

అతను బోర్డు చదువుకున్నాడు. ఆమె కూర్చున్న చోటు చూశాడు. మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం చెల్లెలు ఇదంతా చెబుతుంటే అక్క గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"అయితే నీళ్లు పోసిందల్లా మనదేనా?"

"వాళ్ల బోర్డే అంటోంది మరి."

"తడి ఇసుక మీద చక్రం కూడా దిగబడదు కదే. నీళ్ల అంచున చూడలేదూ, కుర్చీ ఎంత బాగా నడుస్తుందో."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు అక్కకి నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ దగ్గింది. "గేటు నుంచి సముద్రం దాకా ఎన్ని బకెట్లు పడతాయంటావ్?"

"ఏమో అక్కా."

"పోనీలే, లెక్క పెట్టకు. పొయ్యి."

మర్నాడు పొద్దున్నే డ్యూటీ మొదలు కాకముందే బకెట్టత్త రెండు చేతుల్లో రెండు బకెట్లతో పని మొదలుపెట్టింది. అక్క గేటు బయట కుర్చీలో ఉంది. స్నానాల గది కుళాయి దగ్గర పట్టుకోవడం, పరుగెత్తడం, పొయ్యడం, మళ్లీ పరుగెత్తడం. ఇసుక గుటక కూడా వెయ్యకుండా తాగేసింది. సగం దూరం వచ్చేసరికి ఎండెక్కింది. వెనక్కి తిరిగి చూస్తే గేటు దగ్గర పోసింది అప్పుడే తెల్లబడిపోతోంది.

వాకీటాకీ బాబు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏంటి ఆంటీ ఇది? తోట పెంచుతున్నారా?"

"దారి వేస్తున్నాను బాబూ. తడి ఇసుక అందరిదీ అన్నారుగా."

అతను నవ్వాడు. తర్వాత వాకీటాకీ మోగింది, నవ్వు పోయింది. "కుళాయి నీళ్లు కంపెనీవి. టోపీ ఇచ్చెయ్యండి ఆంటీ. నన్నేం అనుకోకండి, పైనుంచి చెప్పారు."

బకెట్టత్త టోపీ తీసి దులిపి అతని చేతిలో పెట్టింది. ఇన్నేళ్ల ఉద్యోగం అంత తేలిగ్గా పోయింది. గేటు దగ్గర నుంచి అక్క గట్టిగా అడిగింది, రోడ్డు మీద పోయేవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా.

"కుళాయి కంపెనీదైతే సముద్రం ఎవరిదో కూడా కనుక్కుని చెప్పు బాబూ! రేపొచ్చి అందులోంచి తోడుకుంటాం!"

ఈ మాట నగరంలో ఎలా పాకిందో చెప్పడం కష్టం. సైకిల్ మెకానిక్ పంక్చరుకి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. చంటిపిల్ల తల్లి తన వీధిలో చెప్పింది. ఆ వీధిలో ఒక రిటైరైన టీచరమ్మ ఉంది. ఆవిడకి చెబితే ఊరికి దండోరా వేసినట్టే. కాళ్లు కడిగించుకున్న కోతులందరి చెవినా పడింది. ఉద్యోగం పోయిందని విన్నాక ఇన్నాళ్లూ గేటు ముందు తల తిప్పుకుని పోయినవాళ్లకి కూడా ఎక్కడో గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున బకెట్టత్త ఒక్కతే బండరాళ్లెక్కి తీరంలోకి దిగుదామని వెళ్లింది. అక్కని సైకిల్ మెకానిక్ గేటు దగ్గరికి తోసుకెళ్లాడు. రాళ్ల దగ్గరికి వెళ్లేసరికి ఎటు చూసినా జనం. ఎర్ర బకెట్లు, రేకు బకెట్లు, పెయింటు డబ్బాలు, పిల్లలు ఇసుక మేడలు కట్టుకునే బుల్లి బకెట్లు. టీచరమ్మ ఏకంగా వంట గిన్నె తెచ్చింది.

"గిన్నె ఎందుకు టీచరమ్మా?" అంది బకెట్టత్త.

"మా ఇంట్లో బకెట్టు చిల్లు పడిందే. నిలబడ్డావేం, ఎక్కడి నుంచి మొదలుపెడదాం?"

నీళ్ల అంచు నుంచి గేటు దాకా మనుషుల వరస పట్టింది. నిండు బకెట్టు చేతులు మారుతూ పైకి, ఖాళీ బకెట్టు చేతులు మారుతూ కిందికి. "జాగ్రత్త వదినా, నా మీద పోస్తావేం!" "నువ్వు ఇసకలో ఉన్నావు, తడిస్తే నువ్వూ అందరి సొత్తే!" "కాస్త వేగంగా అందించండి బాబాయ్, ఇది పెళ్లి భోజనం కాదు!" చీరలు తడిశాయి, ప్యాంట్లు తడిశాయి. పై నుంచి పొయ్యడం, కింద నుంచి అందించడం, ఎండకంటే చేతులు ముందుండటం. ఇసుక తాగింది తాగింది, చివరికి దానికే కడుపు నిండింది. గేటు నుంచి నీళ్ల దాకా నల్లగా, గట్టిగా, మెరుస్తూ ఒక బాట పరుచుకుంది.

అద్దె కుర్చీలో పడుకున్న ఒక పెద్దాయన కళ్లద్దాలు ఎత్తి చూశాడు. "ఏం జరుగుతోందమ్మా?" అని చంటిపిల్ల తల్లిని అడిగాడు. ఆమె ఆగకుండానే చెప్పింది. చక్రాల కుర్చీని బయటి కుర్చీ అన్నారు అనగానే ఆయన లేచాడు. చెప్పులు విడిచి వరసలో నిలబడ్డాడు. ఆయన భార్య కూడా లేచింది. "మొక్కలకి నీళ్లు పొయ్యమంటే నడుం నొప్పంటారు, ఇక్కడ మాత్రం ఎలా వంగుతున్నారో చూడండి," అని ఆయన్ని పక్కవాళ్లకి చూపించింది.

వాకీటాకీ బాబుకి ముచ్చెమటలు పట్టాయి. "గేటు మూసెయ్ బాబాయ్! మూసెయ్!" అని అరిచాడు.

ఈల బాబాయి గేటు రెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎదురుగా అక్క. ఒళ్లో తువ్వాలు. ఆ రోజు నిచ్చెన కింద పడున్నప్పుడు ఆమె మొహం ఎలా ఉందో ఆయనకి తెలుసు. మొన్న కుర్చీ వెనక్కి తిప్పించినప్పుడు ఎలా ఉందో కూడా తెలుసు.

"బాబాయ్, నీ ఇష్టం," అంది అక్క మెల్లిగా. "నీకూ ఇల్లుంది, ఉద్యోగం ఉంది. నేనేం అనుకోను."

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. ఈల తీసి నోట్లో పెట్టుకున్నాడు. పొడుగు ఈల వేశాడు. తీరం ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడేలా, ఊపిరి అయిపోయే దాకా వేశాడు. ఆ ఈలకి అర్థం తెలియనివాడు అక్కడ ఒక్క సూపర్‌వైజరే. వరసలో ఉన్నవాళ్లందరూ బకెట్లతో సహా చెరో పక్కకీ జరిగారు. గేటు రెండు రెక్కలూ తెరిచి, ఈల బాబాయి ముందు నడిచాడు.

బకెట్టత్త కింద నుంచి పరుగెత్తుకొచ్చి కుర్చీ పిడి పట్టుకుంది. "వదిలెయ్ తమ్ముడూ, నేను తోస్తాను," అని సైకిల్ మెకానిక్‌కి చెప్పింది. చక్రం తడి ఇసుక మీద దిగబడలేదు. సన్నటి గీత గీసుకుంటూ నడిచింది.

నీళ్లలోకి దింపుతుంటే అక్క కాళ్లు వంగనన్నాయి. ఇన్ని వారాలుగా బిగుసుకున్నవి. చెల్లెలు ఒక చంక, సైకిల్ మెకానిక్ ఒక చంక. నడుం లోతు దాకా తీసుకెళ్లారు. అల ఒకటి వచ్చి వెళ్లింది. ఇంకోటి వచ్చింది. అక్క పళ్లు బిగబట్టి, చెల్లెలి భుజం మీద బరువంతా వేసి, కొంచెం కొంచెంగా లేచింది. నిటారుగా లేచింది.

"చిన్నదానా."

"ఆ."

"ఇప్పటికీ నేనే పొడుగు."

ఒడ్డున బకెట్లు మోగాయి. గరిటె లేదని టీచరమ్మ చెప్పు తీసి గిన్నె మీద వాయించింది.

ఆ తర్వాత రోజూ అదే పని. రోజూ బాట తడిపారు. బాట వెడల్పయింది. పిల్లలు పక్క ఇసుక కూడా తడిపి కూర్చోవడం మొదలుపెట్టారు. అద్దె కుర్చీల చుట్టూ తీరమంతా నల్లబడింది. కంపెనీ బోర్డు మార్చబోతే, ఆ మొదటి వాక్యం ఒప్పందంలోది, దాన్ని ముట్టుకునే వీల్లేదని మున్సిపల్ ఆఫీసే చెప్పాల్సి వచ్చింది. వాళ్లు గొప్పలు చెప్పుకున్న వాక్యం మరి. చివరికి తీరం మీద బహిరంగ చర్చ పెట్టక తప్పలేదు.

చర్చ రోజున కౌన్సిల్ హాలు కిటకిటలాడింది. కుర్చీలు చాలలేదు. బయటే ఆగమని గుమాస్తా అంటుంటే జనం బకెట్లు బోర్లించుకుని, నడవలో, గోడల వెంట, మేయరమ్మ బల్ల ముందు దాకా వరసగా కూర్చున్నారు.

మేయరమ్మ కళ్లజోడు సవరించుకుంది. "ఈ బకెట్లేమిటండీ?"

బకెట్టత్త లేచింది. ఆమె అంతమందిలో ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. అక్క పక్క నుంచి మోచేత్తో పొడిచింది.

"బయటి కుర్చీలు తేకూడదేమోనని తెచ్చుకున్నామమ్మా."

హాలు హాలంతా ఘొల్లుమంది. మేయరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వు తగ్గాక బకెట్టత్త అసలు మాటకొచ్చింది. "మా అక్క కుట్టిన నీడలో మీ పిల్లలు ఆడుకున్నారు. ఆ నీడ కట్టబోయే పడింది. ఆమెకి దారి వేసింది మన పనివాళ్లు. దాన్ని పీకే హక్కు మీరు ఇంకొకరికి ఇచ్చారు. మమ్మల్ని అడగలేదు. నాకు మాటలు రావు. దారి వెనక్కి ఇప్పించండి. అంతే."

అక్కడ కంపెనీ తరఫు మనిషి సౌకర్యాల గురించి చాలాసేపు చెప్పాడు. బాగానే చెప్పాడు. కానీ ఆయన పప్పులు ఉడకలేదు. ఆయన ఎక్కడ తలెత్తినా ఒక బకెట్టు, దాని మీద ఒక మనిషి. ఓటింగు పెడితే చేతులు లేచాయి. ఒప్పందానికి మొదట చెయ్యెత్తినవాళ్లవి కూడా లేచాయి. ఆ ముక్క తీరం మళ్లీ నగరపాలక సంస్థకి వచ్చింది. కంచె పోయింది. అరుగుల్లోంచి చెక్కలు పీకి, అవే వడ్రంగులు, అదే చోట, బాట వేశారు. ఈసారి వెడల్పుగా వేశారు, రెండు కుర్చీలు ఎదురెదురుగా వచ్చినా ఇబ్బంది లేకుండా. బకెట్టత్తకి ఉద్యోగం తిరిగి వచ్చింది, టోపీ లేకుండా. ఈల బాబాయి ఈల మెడలోకి ఎక్కింది. వాకీటాకీ బాబు వేరే పని చూసుకున్నాడు. అప్పుడప్పుడు వచ్చి ఈత కొడతాడు. బకెట్టత్త అతని కాళ్ల మీద కూడా నీళ్లు పోస్తుంది. "ఇసకంతా మోసుకుపోకు కోతీ," అని కసురుతుంది. అక్క అతన్ని ఇంకా పాత పేరుతోనే పిలుస్తుంది.

అక్క ఇప్పుడు నీళ్లలో చెల్లెలి భుజం వదిలి అడుగులు వేస్తోంది. పందిళ్లకి కొత్త గుడ్డ కూడా కుడుతోంది. కట్టడానికి మాత్రం నిచ్చెన దగ్గరికి తనని రానివ్వరని పోట్లాట.

ఈ కథ చదివి బాగుందని పుస్తకం మూసేస్తే లాభం లేదు. ఆ నగరంలోనే తీరంలో మిగతా ముక్కలు ఇంకా కంపెనీల చేతిలో ఉన్నాయి. మీ ఊళ్లో తీరం లేకపోవచ్చు. చెరువు గట్టుంటుంది, పార్కుంటుంది, ఆటస్థలం ఉంటుంది. రేపో మాపో "నిర్వహణ" అని ఒక తీపి మాట చెప్పి వాటిని ఎవరికో అప్పగించే చర్చ వస్తుంది. ఆ రోజు దయచేసి వెళ్లండి. సంతకాలు కాకముందే వెళ్లండి. మీ వార్డు ప్రతినిధిని నిలదీసి ఒక్క ప్రశ్న అడగండి: చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఏ దారిన లోపలికి వెళుతుంది? జవాబు రాకపోతే హాల్లోంచి లేవకండి. మీరు వెళ్లే దారిలో ఏ గేటు ముందైనా ఎవరినైనా ఆపి వెనక్కి తిప్పుతుంటే, పక్క నుంచి నడిచి వెళ్లిపోకండి. వాళ్ల పక్కన నిలబడండి, ఎందుకని అడగండి.

చర్చకి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న బకెట్టు పట్టుకెళ్లండి. ఎన్ని గంటలు కూర్చోవాల్సి వస్తుందో తెలీదు.